లోపలి మడత

సోమవారం

ముందు ఆ ఉదయం గురించి రాసుకోవాలి. ఏ ప్రత్యేకతా లేని ఉదయం. అలాంటివే త్వరగా చెరిగిపోతాయి.

లేచి ప్రార్థన చేసుకున్నాను. కిందికి దిగి షాపు షట్టరు ఎత్తాను. ఎడమ వైపు ఎప్పటిలాగే పట్టేసింది. ఒక్క తన్ను తన్నితే కదిలింది. ముందు రోజు పీలికలు ఊడ్చి గోనెలోకి ఎత్తాను. మిషన్లన్నిటికీ నూనె వేసి, పాత గుడ్డ మీద కాసేపు తొక్కాను, మరక కొత్త బట్టకి అంటకుండా. కాజాల బాబాయి వచ్చాడు. నాన్న కాలం నుంచీ ఉన్న మనిషి. కాజాలు తీయడం తప్ప ఇంకో పని ముట్టుకోడు.

"పెద్దమ్మాయ్, ఈ మోకాళ్ళకి కూడా చెరో కాజా తీసి గుండీలు పెట్టుకుంటే బాగుండు. పడుకునే ముందు విప్పి పక్కన పెట్టుకునేవాణ్ణి."

"గుండీ ఊడిపోతే?" అంది చిన్నది, బల్ల దగ్గర నుంచి.

"నువ్వున్నావుగా కుట్టడానికి."

చిన్నది నవ్వలేదు. అది గుడ్డ పరిచి ఉంది. అరచేత్తో కాదు, ముంజేత్తో సవరిస్తుంది. కత్తెర పెట్టే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. నాన్న కూడా అంతే చేసేవాడు. నలభై దాటినా మా ఇంట్లో దాని పేరు చిన్నదే.

మరదలు టీ తెచ్చింది. తమ్ముడు ముందు కుర్చీలో కూర్చుని ఫోన్లో ఎవరికో "రెండు రోజుల్లో ఇస్తామండీ" అంటున్నాడు. అప్పుడు కొరియర్ కుర్రాడు కవరు తెచ్చాడు. కవరు మీద చిన్నదాని పేరు. దాని కత్తెర గుడ్డ మధ్యలో ఉంది. మధ్యలో ఆపదు, అంచు పాడవుతుంది. తమ్ముడు సంతకం పెట్టాడు. విప్పాడు. ఒక్కో పేజీ తిప్పాడు.

"వచ్చింది నీ వీసా," అన్నాడు.

చిన్నది ఆ చివరి వరకూ కత్తిరించి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇలా ఇవ్వన్నయ్యా, చూస్తాను."

అప్పటికే వెనక గదిలో ఇనప్పెట్టె తలుపు మూసిన చప్పుడు విన్నాను. "ఎక్కడికి పోతుందే? భద్రంగా ఉంది," అని తమ్ముడు తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

టీ చల్లారిపోయింది. అది అలాగే తాగేసింది. మళ్ళీ గుడ్డ పరిచింది.

అది పోయిన వారం మాట. పాస్‌పోర్టు ఇంకా ఇనప్పెట్టెలోనే ఉంది.


మంగళవారం

చిన్నది నోరు తెరిచింది ఇవాళ.

"అన్నయ్యా, వచ్చే నెల మొదటి గురువారానికి టికెట్టు తీసుకున్నాను. అక్కడివాళ్ళు ఆ తర్వాత ఆగరు."

"నాటకాలవాళ్ళకి అంగీలు కత్తిరించడానికి సముద్రాలు దాటాలా? ఇక్కడ బడులు తెరిచే రోజులు. యూనిఫారాలు ఎవడు కత్తిరిస్తాడు? నీ నాటకంలో రాజుగారు వచ్చి కత్తిరిస్తాడా?"

"నా పని ఫొటోల్లో చూసి పిలిచారు. నేనడగలేదు."

"వీళ్ళు కాకపోతే ఇంకొకళ్ళు పిలుస్తారు. సీజను గడవనీ."

"ప్రతి సీజనుకీ ఇదే మాట. ఇంకొకళ్ళు పిలిచేసరికి నా పళ్ళూడతాయి."

"కత్తెర పట్టడానికి పళ్ళెందుకే?"

మరదలికి నవ్వొచ్చింది. చిన్నదాని ముఖం చూసి నవ్వు మింగేసింది.

పైకొచ్చాక చిన్నది మంచం మీద కూర్చుని, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి, "వద్దులే అక్కా. అన్నయ్యతో ఎవరు పెట్టుకుంటారు," అంది.

టేపు తీసి మేకుకి తగిలించాను.


బుధవారం

ప్రార్థనలో మనసు నిలవలేదు. గుడ్డ గురించే ఆలోచన.


గురువారం

చిన్నదానికి ఏదైనా కుట్టి ఇవ్వాలి. వెళ్ళినా, వెళ్ళకపోయినా. పాస్‌పోర్టుకి ఓ తొడుగు కుడతాను. కానుక. అంతే. నాకు వేరే ఉద్దేశం లేదు.

గుడ్డ ఏదా అని షాపంతా చూశాను. యూనిఫారం గుడ్డ వద్దు. జీవితమంతా అదే కత్తిరించింది, వెంట కూడా అదేనా?

అద్దాల అరలో నీలం కోటు ఉంది. ఎవరో బాకా ఊదే ఆయన కుట్టించుకుని, తీసుకువెళ్ళడానికి రాలేదు. చిన్నది మొట్టమొదట కత్తిరించిన కోటు. షాపులోకి అడుగుపెట్టిన ప్రతి ఒక్కరికీ తమ్ముడు దాన్ని చూపిస్తాడు. "మా షాపు కటింగండీ" అంటాడు. ఎవరి కటింగో చెప్పడు.

మా నాన్నకి ఓ అలవాటు ఉండేది. కోటుకి ముందు అంచుల లోపల పట్టీలు అందరికంటే వెడల్పుగా వదిలేవాడు. మనిషి ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చని. చిన్నదానికీ అదే అలవాటు వచ్చింది. ఆ లోపలి పట్టీలు బయటికి కనిపించవు. అక్కడ గుడ్డ ఎండ తగలక కొత్తగానే ఉంటుంది.

అద్దం తుడుస్తానని కోటు పైకి తెచ్చాను. తుడిచాను కూడా, అబద్ధమాడలేదు. రెండు పట్టీలూ విప్పి తీశాను. ఆ చోట పాత లైనింగు వేసి కోటు మళ్ళీ అరలో వేలాడదీశాను. బయటినుంచి ఏమీ తెలియదు. లోపల బోలుగా ఉంది.

ఒకటి చాలుగా, రెండెందుకు తీశానంటే, మా ఇంట్లో ఏ కొత్త పనైనా రెండుసార్లు కుడతాం. మొదటిది చేతికి, రెండోది మనిషికి. మొదటి దానిలో చెయ్యి తప్పులన్నీ చేసేసి కుదురుకుంటుంది.


శనివారం

పొద్దున్నే తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. కావాలనే మనుషులున్నప్పుడు వెళ్ళానేమో. ఏదో బడి టీచరమ్మ పిల్లల కొలతలు చెబుతోంది.

"ఒరేయ్, దాని పాస్‌పోర్టు ఒకసారి ఇవ్వు."

"ఎందుకు?"

"తొడుగు కుడుతున్నాను. కొలత కావాలి."

"వెళ్ళనిదానికి తొడుగేంటక్కా!"

"పుస్తకం ఉందిగా. దుమ్ము పడుతుంది."

"ఏ పాస్‌పోర్టయినా ఒకటే సైజు. మాస్టారు బావ దగ్గర ఒకటుంది, తెచ్చుకుని కొలుచుకో."

గోడ వైపు చూశాను. నాన్న చెప్పిన మాటలు తమ్ముడే రంగులతో రాయించాడు, వ్యాపారానికి మంచిదని. పక్కవారి కొలతతో కుట్టం. ఒంటి మీద చూడనిదే ఆఖరి కుట్టు వేయం.

టీచరమ్మ కూడా గోడ వైపు చూసింది. "ఆవిడడిగింది న్యాయమేగా. లేకపోతే మా పిల్లలకి కూడా పక్క బడి కొలతలతోనే కుట్టేస్తారా ఏంటి?" అంది నవ్వుతూ.

తమ్ముడు ఇనప్పెట్టె తెరిచాడు. తెచ్చి నా చేతిలో పెట్టి పక్కనే నిలబడ్డాడు, ఖైదీని ములాఖత్‌కి తెచ్చిన జమాదారులా. పొడవు, వెడల్పు, మందం కొలిచాను. తీసుకెళ్ళి మళ్ళీ పెట్టేశాడు.

ఫొటో ఉన్న పేజీ చూశాను. నవ్వకూడదని చెబుతారట ఫొటోకి. అది నవ్వలేదు. అయినా నవ్వినట్టే ఉంది. ఆ ముఖం నేను ఇంట్లో చూసి చాలాకాలమైంది.


ఆదివారం

అట్ట ముక్క పుస్తకం సైజుకి కత్తిరించాను. కుట్టేటప్పుడు ఆకారం నిలవాలి కదా. ప్రతి పనికీ అట్ట కత్తిరిస్తాం. నాకు వేరే ఉద్దేశం లేదు.


సోమవారం

మొదటిది కుట్టాను, చేతికి. ఒక మూల జారింది. బాగానే ఉంది, జారనీ. తప్పులన్నీ దానికే పోనీ.

మధ్యాహ్నం తమ్ముడు పైకొచ్చాడు. నా గదికి రావడం అరుదు. తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"నువ్వు చెప్పక్కా దానికి. నీ మాట వింటుంది."

"ఏం చెప్పమంటావు?"

"ఇక్కడేం తక్కువైందని అడుగు. తిండికి తక్కువా, గుడ్డకి తక్కువా?"

"అడిగాను."

"ఏమంది?"

"ఎవరి కటింగు అని వాళ్ళడిగారట. మనం ఎప్పుడూ అడగలేదట."

వాడు నేల చూస్తూ, "అది లేకపోతే ఈ షాపుకి గోడలే మిగులుతాయక్కా," అన్నాడు.

వాడి గొంతులో నిజం ఉంది. నాకు జాలేసింది. చిన్నప్పుడు మిషను కింద దూరి, పెడలు దగ్గర నిద్రపోయిన వాడు గుర్తొచ్చాడు.

"ఈ మాట దానితో చెప్పరా. నాతో కాదు."

"చెబితే నెత్తికెక్కుతుంది."

జాలి పోయింది. సూదిలోకి దారం ఎక్కించుకున్నాను.


మంగళవారం

రెండోది కత్తిరించాను. చిన్నపిల్లల గౌనుకి కింద మడతలు పెడతాం. పిల్ల పెరిగినకొద్దీ ఏడాదికో మడత విప్పుతారు. ఈ ఊళ్ళో సగం మంది పిల్లలకి మడతలు పెట్టింది చిన్నదే. దాని మడత మాత్రం ఎవరూ విప్పలేదు. అమ్మ పోయాక అందరం దాన్ని ఏ కొలతలో చూశామో ఆ కొలతలోనే ఉంచేశాం.

తొడుగులో కూడా లోపల మడత వదిలాను. బాగా వదిలాను.


బుధవారం

మళ్ళీ విప్పడానికి వీలుగా పచ్చి కుట్టు వేసి తమ్ముడి దగ్గరికి పట్టుకెళ్ళాను. మళ్ళీ ఇనప్పెట్టె తెరిచాడు.

"ఇంకా ఎన్నిసార్లక్కా?"

"ఇది ట్రయలు. ఆఖరి కుట్టు ఇంకోసారి."

"పెళ్ళికూతురికి కూడా ఇన్ని ట్రయళ్ళు ఉండవు."

కాజాల బాబాయి తలెత్తకుండానే, "పెళ్ళికూతురైతే బయటికి పంపేవాళ్ళుగా," అన్నాడు.

తమ్ముడు ఆయన వైపు ఉరిమి చూశాడు. ఆయన నిదానంగా మరో కాజా తీశాడు.

తొడుగు సరిపోయింది. కొంచెం బిగువుగా ఉందని చెప్పాను. అబద్ధం కాదు. కొంచెం బిగువుగానే ఉంది.


గురువారం

అట్ట మూలలు గుండ్రంగా తీర్చాను. రెండు అట్టల మధ్య కాగితాలు పేర్చి, నడుమ కుట్టాను. మందం సరిగ్గా వచ్చింది.

కుట్టేటప్పుడు ఆకారం నిలవాలి కదా అని పైన రాసుకున్నాను. ఆకారం నిలవడానికి కాగితాలెందుకు?

ఉంది. నాకు ఉద్దేశం ఉంది. దేవుడికి తెలిసిపోయాక డైరీ దగ్గర దాచడమెందుకు?


శుక్రవారం

ఇవాళ ప్రార్థనలో క్షమించమని అడగలేదు. చిన్నది పెద్దదైంది, దాని పేరు మీద వచ్చిన పుస్తకం దాని చేతికి ఇస్తున్నాను. ఇందులో క్షమించడానికి ఏముంది? కళ్ళు సరిగ్గా కనిపించడం లేదు కనుక, దారం ఒక్కసారికే ఎక్కేలా చూడమని మాత్రం అడిగాను.

ఒక్కసారికే ఎక్కింది.


శనివారం

చిన్నది ఏమీ తెలియకుండానే పని మీద పడింది. వెళ్ళనని ఒప్పేసుకున్న మనిషి చేసే పని అలా ఉండదు. పొద్దున కూర్చుంటే భోజనానికి పిలిచేదాకా తలెత్తదు. ఒక్కో బడి యూనిఫారాలు మొత్తం కత్తిరించి, కట్ట కట్టి, మీద సుద్దతో బడి పేరు రాసి అరలో పెడుతోంది. కోపమంతా కత్తెరలోకి దించుతోంది. అర నిండుతోంది.

తమ్ముడు చూసి సంతోషపడ్డాడు. "చూశావా అక్కా, దారిలో పడింది," అన్నాడు.


ఆదివారం

మరదలు గదిలోకి వచ్చింది. నేను రెండు తొడుగులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. దాచే సమయం లేదు. దాచనూ లేదు.

"వదినా, రెండున్నాయే?"

"మొదటిది చేతికి, రెండోది మనిషికి."

"ఆయనకి ఏదిస్తావు?"

సూటిగా అడిగింది. సూటిగానే చెప్పాను. "చేతికి కుట్టింది."

ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తలో మరదలు టైపు నేర్చుకోవడానికి వెళ్తానని అడిగింది. సీజను గడవనీ అన్నారు. ఆ సంగతి మేమెవరం మళ్ళీ మాట్లాడలేదు.

నా కత్తెర తీసుకుంది. రెండో తొడుగు అందుకుని దగ్గరగా చూసి, "దారం వేలాడుతోంది," అని చటుక్కున కత్తిరించింది. కత్తెర ఎక్కడిదక్కడ పెట్టి, గిన్నెలు మాడిపోతాయంటూ వెళ్ళిపోయింది.


సోమవారం

ఆఖరి కుట్టు.

పాస్‌పోర్టు అడిగాను. తమ్ముడు నా గదికి తెచ్చి పక్కన నిలబడ్డాడు. తొడుగు పుస్తకానికి వేసి, పక్క అంచు చేతి కుట్టుతో మూయడం మొదలుపెట్టాను. మిషను మీద వేయలేదు. చేతికుట్టు నిదానంగా సాగుతుంది. నా చేతికుట్టు ఇంకా నిదానం. వాడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. కింద నుంచి ఎవరో పిలిచారు, ఇస్త్రీలో చొక్కా కాలిందని. ఇంకెవరో పిలిచారు.

"అయ్యాక తెచ్చివ్వు," అని దిగిపోయాడు.

"అలాగే," అన్నాను. ఏది అని వాడు చెప్పలేదు.

కుట్టు పూర్తి చేశాను. ముడి వేసి, దారం కొరికి, రెండో తొడుగు పాస్‌పోర్టుతో సహా నా దిండు గలేబులో పెట్టాను. మొదటి తొడుగులో అట్ట పుస్తకం ఉంది. దాన్ని పట్టుకుని కిందికి దిగాను. వాడు తెరిచి చూస్తే అక్కడికక్కడే నిజం చెప్పెయ్యాలని అనుకున్నాను. అంతకుమించి సిద్ధం కాలేదు.

"చూసుకో," అన్నాను.

వెలుతురులోకి పట్టుకెళ్ళి చూశాడు. అంచు మీద గోరుతో గీరాడు. కుట్టు వెంట కన్ను నడిపించాడు. మూలలు ఒక్కొక్కటీ లాగి చూశాడు.

"లోపల కూడా చూడు," అన్నాను.

రెక్క ఎత్తి లైనింగు చూశాడు. లైనింగు కుట్టు చూశాడు. కుట్టే చూశాడు. దర్జీవాడికి ఇంకేం కనిపిస్తుంది? వేరే ఎవరైనా అయితే పుస్తకం తెరిచేవాళ్ళు.

"అక్కా," అన్నాడు, ముఖం వెలిగిపోతూ, "ఈ మూల జారింది! నీ కుట్టులో తప్పు పట్టడం నా జన్మలో ఇదే మొదలు. నీ చెయ్యి కూడా ముసలిదైపోయింది."

"అవునురా."

"ఏం పర్లేదులే. పెట్టెలో ఉండేదానికి ఎవరు చూస్తారు?"

తీసుకెళ్ళి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ పూటంతా ఉల్లాసంగా ఉన్నాడు. కాజాల బాబాయికి కూడా చెప్పాడు, మా అక్క కుట్టు తప్పిందని. బాబాయి కళ్ళద్దాల మీంచి నన్నొకసారి చూసి, "పెద్దమ్మాయి కుట్టు తప్పిందా? అయితే ఏదో కారణముంటుంది," అన్నాడు. తమ్ముడు వినలేదు.


మంగళవారం

మేడ మీద బట్టలారేస్తూ చిన్నదానికి ఇచ్చాను.

తడి చేతులు గౌనుకి తుడుచుకుని తీసుకుంది. అదీ దర్జీయే. ముందు కుట్టే చూసింది. "నీలం కోటు గుడ్డ కదా ఇది?" అంది వెంటనే. తన గుడ్డ తనకి తెలుస్తుంది. తర్వాత లోపలి అంచు వేలితో తడిమింది.

"అక్కా, ఇంత మడత ఎందుకు వదిలావు?"

"పెరుగుతావని."

"ఈ వయసులోనా!"

నవ్వింది. అప్పుడు తెరిచింది. పుస్తకం చూసింది. దాని పేరు. దాని ముఖం. వీసా ముద్ర. తాడు మీద బట్టల నుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు దుప్పట్ల మధ్య నిలబడిపోయింది.

"అన్నయ్యకి తెలిస్తే?"

"తెలుస్తుంది. నేనే చెబుతాను. తెలియకుండా ఉండాలని కాదు నేను కుట్టింది."

"నీ మీద విరుచుకుపడతాడు."

"పడనీ. చిన్నప్పుడు పడినప్పుడల్లా లేపింది నేనే."

"యూనిఫారాలు?"

"కత్తిరించి పెట్టావుగా. మిగతావి నేను కత్తిరిస్తాను."

"నువ్వా?"

"నాన్న కత్తెర ముందు నా చేతికే ఇచ్చాడు. నీకు నేర్పింది ఎవరనుకున్నావు?"

అది దుప్పటి వెనక్కి వెళ్ళింది. భుజాలు కదులుతున్నాయి. నేను మిగతా బట్టలు ఆరేశాను. కాసేపటికి బయటికొచ్చి ముక్కు తుడుచుకుని, "మూలలు ఎంత బాగా వచ్చాయి అక్కా," అంది.

"మొదటి దానికి రాలేదు," అన్నాను.


బుధవారం

రేపు మొదటి గురువారం.

మా నడిమి చెల్లెలూ దాని మొగుడు మాస్టారూ రేపు సాయంత్రం వస్తున్నారట. తమ్ముడు పిలిచాడు. టికెట్టు రోజు చిన్నది ఏమైనా పేచీ పెడుతుందేమో, నలుగురూ కూర్చుని తేల్చేద్దామని. చిన్నదాని విషయం చిన్నది లేకుండా తేల్చడం మా ఇంట్లో కొత్త కాదు. బడి మాన్పించినప్పుడూ అంతే. అది వంటింట్లో కూర్చుని గోడకి చెవి ఆనించి విన్నది.

దేవుడి ముందు ఒక మాట ఇచ్చాను. రేపు సాయంత్రం వాళ్ళలో ఎవరైనా ఒక్కరు, దాన్ని పిలవండి, దాన్నే అడుగుదాం అంటే, ఆ క్షణంలోనే లేచి ఉన్నదంతా చెప్పేస్తాను. ఎవరూ అనకపోతే ఆ పూటకి ఊరుకుంటాను.


గురువారం

పొద్దున షట్టరు నేనే ఎత్తాను. ఒక్క తన్నుకే కదిలింది.

చిన్నది ముదురు రంగు చొక్కా వేసుకుంది, తనకి తాను కుట్టుకున్నది. కత్తెర నూనె గుడ్డతో తుడిచి బల్ల సొరుగులో పెట్టింది. బల్లని ముంజేత్తో ఒకసారి సవరించింది, గుడ్డ లేకుండానే. కాజాల బాబాయి ఇవాళ కాజాలు తీసిన అంగీల కట్ట తానే మోసుకెళ్ళి బడిలో ఇచ్చొస్తానన్నాడు. ఆ మోకాళ్ళతో. ఎవరూ ఆశ్చర్యపోలేదు, తమ్ముడు అప్పటికింకా లేవలేదు. కట్ట మధ్యలో దాని సంచి ఉంది. మలుపు దాటాక సంచి దానికిచ్చి, కట్టతో బడికి వెళ్ళాడు.

గుమ్మం దగ్గర దాని నెత్తి మీద చెయ్యి పెట్టాను. పైకి ఏమీ అనలేదు. లోపల చెప్పాల్సిన వాడికి చెప్పాను.

"ఎక్కగానే ఫోను ఒక్కసారి మోగిస్తాను. తీయకు," అంది.

మధ్యాహ్నమంతా దాని బల్ల దగ్గర నేను కత్తిరించాను. మొదట చెయ్యి గీత తప్పింది. తర్వాత కుదురుకుంది. తమ్ముడు ఒకసారి తొంగి చూసి, "అదేది?" అనబోయాడనుకున్నాను. "కత్తెర పదునుగా ఉందా అక్కా?" అనడిగి వెళ్ళాడు.

ఉంది.

సాయంత్రం అందరూ వచ్చారు. నడిమిది, దాని మొగుడు మాస్టారు. ముందు గదిలో కూర్చున్నాం. మరదలు టీ తెచ్చింది. పళ్ళెంలో సరిగ్గా మా అందరికీ సరిపడా గ్లాసులు. చిన్నదానికి లేదు. మరదలు నా వైపు చూడలేదు.

తమ్ముడు చెప్పాడు, మాస్టారు తలూపారు. నడిమిది, "పాపం, దానికి మాత్రం ఆశ ఉండదా?" అంది. నేను దాని ముఖంలోకి చూశాను. తర్వాతి మాట అంటుందేమో అని. అనలేదు. బిస్కెట్టు టీలో ముంచుకుంది.

"నాదొక మాట," అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. మా ఇంట్లో నేను మాట్లాడితే తిరుగుతారు, తక్కువగా మాట్లాడతాను కనుక. "అది మనిషి. దాని జీవితం. తేల్చాల్సింది అది."

"అదేం తేలుస్తుంది వదినగారూ, చిన్నది," అన్నారు మాస్టారు.

ఎవరూ వంటింటి వైపు చూడలేదు. ఎవరూ మేడ మెట్ల వైపు చూడలేదు.

అప్పుడే నా ఒళ్ళో ఫోను ఒకసారి మోగి ఆగింది.

"ఎవరక్కా?" అంది నడిమిది.

"మిస్డ్ కాలు," అన్నాను.

మరదలు ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. చాలాసేపు నీళ్ళు పారిన చప్పుడు.

తమ్ముడు ఇంకా మాట్లాడుతున్నాడు. మాస్టారు ఒక్కో సంగతీ వేలు మడిచి తేలుస్తున్నారు. నేను ఇచ్చిన మాట ప్రకారం ఎదురుచూశాను, చివరిదాకా. అడగలేదు ఎవరూ.

తీర్మానం ఇది. చిన్నదాన్ని ఈ ఏడు పంపకూడదు. సీజను గడిచాక, వీలు చూసి, మళ్ళీ ఆలోచించాలి. అంతవరకూ పాస్‌పోర్టు ఇనప్పెట్టెలోనే ఉండాలి. తమ్ముడి దగ్గర తాళంచెవి ఉంటే చిన్నదానికి అన్న మీద కోపం పెరుగుతుంది కనుక, అందరికీ నమ్మకమైన మనిషిని నేనే కనుక, తాళంచెవి ఇకనుంచి నా దగ్గర ఉండాలి. తమ్ముడు జేబులోంచి తీసి నా అరచేతిలో పెట్టాడు. ఇక ఆఖరిది. ఈ సంగతంతా రేపు పొద్దున దాన్ని కూర్చోబెట్టి, మెల్లగా, నేనే చెప్పాలి.